‘ఈసీఎం పోయింది’ అనే ముందు మీటరు పెట్టండి!

వాహనాల్లో కంప్యూటర్లు పెరిగాయి. స్కానర్ పెట్టి కోడ్ చదివేవాళ్లూ పెరిగారు. ఆ కోడ్ వెనక దాగిన అసలు లోపాన్ని పట్టుకునేవాళ్లకే కొరత. ఐటీఐ, డిప్లొమా, ఇంజినీరింగ్ చదివి విశాఖలో ఉద్యోగం వెతుక్కుంటున్నవారు ఈ కొరతను ఎలా అందిపుచ్చుకోవచ్చు?

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. విశాఖ ఫిషింగ్ హార్బర్. తెల్లవారుజాము. చేపల ట్రేలు, ఐసు ఎక్కించుకున్న చిన్న గూడ్స్ బండి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. డ్రైవర్ కీ తిప్పాడు. టక్ మని ఒక్క శబ్దం, అంతే. ‘టక్కుమంతంది గానీ సెల్ఫ్ తిరగట్లేదు బాబూ’ అని ఫోన్ చేశాడు. మీరు మీ మేస్త్రీతో కలిసి వెళ్లారు. స్కానర్ పెడితే రెండు కోడ్లు కనిపించాయి. ఒకటి పీ0562, అంటే సిస్టమ్ వోల్టేజీ తక్కువగా ఉంది. రెండోది యూ0100, అంటే ఇంజిన్ కంప్యూటర్‌తో బండిలోని మిగతా కంప్యూటర్లకు సంబంధం తెగిపోయింది. ఇక్కడ ఐసు కరిగిపోతోంది. ఎండ ఎక్కేలోగా సరుకు చేరకపోతే నష్టపోయేది బండి యజమాని ఒక్కడే కాదు, ఆ చేపలు కొన్నవాళ్లు కూడా. మేస్త్రీ మీవైపు తిరిగి ‘ఏం మారుద్దాం?’ అన్నాడు.

దీన్ని ఒక ఇంటర్వ్యూ ప్రశ్న అనుకోండి. మీ జవాబేంటి?

‘ఇంజిన్ కంప్యూటర్‌తో కమ్యూనికేషన్ లేదని కోడ్ చెబుతోంది కాబట్టి ఈసీఎం పోయింది సార్, మార్చాలి’ అంటే మీరు స్కానర్ తెరమీద ఉన్నదాన్ని చదివారన్నమాట. ఆ పని స్కానర్ ఎలాగూ చేస్తోంది. ‘ఇప్పుడే ఏమీ మార్చను సార్. ముందు కొలుస్తాను’ అన్నారంటే మీకు పని తెలుసని అర్థం. ఎందుకంటే కోడ్ చెప్పేది లక్షణం. జ్వరం ఉందని థర్మామీటరు చెబుతుంది. అది మలేరియానా, టైఫాయిడా అన్నది డాక్టరే తేల్చాలి. వాహన రంగంలో ఇప్పుడు జీతం పెరిగేది ఈ తేల్చే పనికే.

2020 తర్వాత ఏం మారింది?

మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి అంతటా బీఎస్-4 ప్రమాణాలు వచ్చాయి. ఆ తర్వాత బీఎస్-5ని వదిలేసి, 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా బీఎస్-6కి వెళ్లిపోయాం. ఆ తేదీ తర్వాత బీఎస్-4 వాహనాలు అమ్మడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులోనే తేల్చిచెప్పింది. 2023 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రెండో దశ మొదలైంది. ల్యాబ్‌లో పరీక్షిస్తే సరిపోదు, రోడ్డు మీద నడుస్తున్నప్పుడు కూడా పొగ పరిమితిలోనే ఉండాలన్నది దీని సారాంశం.

వినడానికి ఇవి కాలుష్యానికి సంబంధించిన నిబంధనలే. షెడ్డులో మాత్రం వీటి ప్రభావం వేరేగా కనిపించింది. స్కూటర్లు, బైకుల్లో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. డీజిల్ లారీల్లో పొగను వడగట్టే ఫిల్టరు, యూరియా ద్రావణాన్ని చల్లే వ్యవస్థ, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే సెన్సర్లు వచ్చి చేరాయి. యూరియా ట్యాంకు ఖాళీ అయినా, సెన్సర్ వైరు తెగినా కంప్యూటరే ఇంజిన్ శక్తిని తగ్గించేస్తుంది. ఇంజిన్ భాగాలన్నీ బాగానే ఉన్నా లోడుతో ఘాట్ ఎక్కలేక బండి మొండికేస్తుంది.

పాతరోజుల్లో చెవితో విని, చేత్తో పట్టుకుని చూసి మేస్త్రీ లోపం చెప్పేవారు. ఆ అనుభవం ఇప్పటికీ విలువైనదే. కాకపోతే సెన్సర్ వైరులో అర వోల్టు తగ్గితే చెవికి వినిపించదు, చేతికి తగలదు. 2020లో రోడ్డెక్కిన బండ్లు ఒక్కొక్కటిగా వారంటీ దాటి కంపెనీ సర్వీస్ సెంటర్ల నుంచి బయటి షెడ్లకు వస్తున్నాయి. ఇంజిన్ విప్పడం తెలిసినవారు అక్కడ ఉన్నారు. సర్క్యూట్ బొమ్మ చదివి, మీటరుతో లోపం పట్టుకోగలవారు కావాలి. మీకు అవకాశం ఉన్నది సరిగ్గా ఈ ఖాళీలోనే.

విశాఖకు దీంతో పనేంటి?

విశాఖలో పుట్టి పెరిగిన విద్యార్థులకు ఇంట్లో తరచూ వినిపించే మాట... ‘పోర్టులోనో, స్టీల్‌ప్లాంటులోనో ఉద్యోగం కొడితే చాలు’. 1933లో ప్రారంభమైన పోర్టు, ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ నినాదంతో సాధించుకున్న ప్లాంటు కొన్ని తరాలను నిలబెట్టాయి. అందులో సందేహం లేదు. అయితే ప్లాంటులో పెట్టుబడుల ఉపసంహరణకు 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలపడం, దానిపై ఉద్యమం నడవడం, 2025 జనవరిలో రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించడం... ఇవన్నీ చూస్తూనే ఉన్నాం. ఒక్క గేటు ముందే ఏళ్ల తరబడి ఎదురుచూడటం ఎంత అనిశ్చితో ఈ పరిణామాలే చెబుతున్నాయి.

ఆ గేట్ల నుంచి రోజూ బయటికి వచ్చే వాహనాల సంగతి ఒకసారి ఆలోచించండి. ఉక్కు కాయిల్స్ మోసే ట్రెయిలర్లు, బొగ్గు టిప్పర్లు, కంటైనర్ లారీలు, పెట్రోలు ట్యాంకర్లు, ఉద్యోగుల బస్సులు, హార్బర్ నుంచి చేపలు తీసుకెళ్లే బండ్లు. ప్లాంటు యజమాని ఎవరైనా వీటి చక్రాలు తిరగాల్సిందే. ఆగిపోతే ఎవరో ఒకరు లేపాల్సిందే. గాజువాక ఆటోనగర్‌కు పని దొరికేది ఇలాగే.

పైగా ఇది సముద్రపు ఒడ్డు. ఉప్పు తేమ నిండిన గాలి వల్ల రాగి తీగ మీద పచ్చటి చిలుము పడుతుంది. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. ఛాసిస్‌కు ఎర్తు బిగించిన బోల్టు కింద తుప్పు పడుతుంది. చేపల బండ్లలో అయితే ఐసు కరిగిన ఉప్పునీరు నేరుగా ఛాసిస్ మీదికే కారుతుంది. బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి కప్లర్లలోకి చేరి తేమను పట్టి ఉంచుతుంది. దీంతో పొడి వాతావరణం ఉన్న ఊళ్లకంటే ఇక్కడ కనెక్షన్ల లోపాలు రావడానికి ఎక్కువ ఆస్కారం ఉంటుంది. ఇలాంటి లోపాలు కంప్యూటర్ పోయినట్టే భ్రమింపజేస్తాయి.

వరదల సంగతీ ఇలాంటిదే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడు కార్లు, ఆటోలు, బైకులు నీళ్లలోనే ఉండిపోయాయి. అలా మునిగిన బండికి వెంటనే కీ తిప్పి సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్లలో నీరు ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. తడిసిన కంప్యూటర్‌కు కరెంటు ఇస్తే బాగయ్యే బోర్డు కూడా కాలిపోవచ్చు. బ్యాటరీ తీసేసి, కప్లర్లు విప్పి, ఆరబెట్టి, ఆ తర్వాతే పరీక్షించాలి. తుపాన్లు తప్పని కోస్తాలో ఇది తెలిసిన మనిషికి ఏటా పని ఉంటుంది.

సెల్ఫ్ సర్క్యూట్‌లో రెండు దారులు

కార్లలో ఎలక్ట్రిక్ సెల్ఫ్ 1912లో కాడిలాక్‌తో మొదలైంది. అంతకుముందు హ్యాండిల్ తిప్పి ఇంజిన్‌ను లేపేవారు. వందేళ్లు దాటినా ఆ సర్క్యూట్ మూలసూత్రం పెద్దగా మారలేదు. దాన్ని రెండు దారులుగా విడదీసి చూస్తే సులువుగా అర్థమవుతుంది.

మొదటిది పెద్ద దారి. బ్యాటరీ ప్లస్ నుంచి లావు కేబుల్ ద్వారా సెల్ఫ్ మోటారుకు, అక్కడి నుంచి ఇంజిన్ బాడీ, ఎర్తు కేబుల్ ద్వారా తిరిగి బ్యాటరీ మైనస్‌కు. ఇందులో వంద ఆంపియర్లు, అంతకుమించి కరెంటు పారుతుంది.

రెండోది చిన్న దారి. కీ, క్లచ్ స్విచ్ లేదా న్యూట్రల్ స్విచ్, స్టార్టర్ రిలే, అక్కడి నుంచి సెల్ఫ్ మోటారు మీదున్న సోలినాయిడ్. పెద్ద దారిని తెరవమని ఆజ్ఞ వెళ్లేది ఈ దారిలోనే. నేటి బండ్లలో చాలావాటికి ఇంజిన్ కంప్యూటర్ కూర్చునేది ఇక్కడే. కీలోని చిప్ సరైనదో కాదో ఇమ్మొబిలైజర్ ద్వారా చూసుకుని, క్లచ్ నొక్కారని నిర్ధారించుకుని, ఆ తర్వాతే రిలేకు ఎర్తు ఇస్తుంది.

అందుకే బండి లేవట్లేదనగానే మొదట అడగాల్సిన ప్రశ్న: కీ తిప్పితే ఏం జరుగుతోంది? టక్ మని ఆగిపోతే చిన్న దారి చాలావరకు బాగున్నట్టు. బ్యాటరీ, పెద్ద దారి, సెల్ఫ్ మోటారుల్లో వెతకాలి. అసలు శబ్దమే లేకపోతే చిన్న దారిని పట్టుకోవాలి. సెల్ఫ్ చక్కగా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే సెల్ఫ్ సర్క్యూట్‌ను వదిలేసి ఇంధనం, క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్, ఇమ్మొబిలైజర్ల వైపు వెళ్లాలి. ఈ ఒక్క ప్రశ్నతో వెతకాల్సిన చోటు మూడో వంతుకు తగ్గుతుంది.

మీటరు ఏం చెప్పింది?

హార్బర్‌లోని మన బండి దగ్గరికి వద్దాం. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, మల్టీమీటరు తీశారు.

మొదటి కొలత: ఏమీ తిప్పకుండా బ్యాటరీ 12.5 వోల్టులు. పూర్తి చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ సుమారు 12.6, సగం చార్జింగ్‌లో సుమారు 12.2 చూపిస్తుంది. అంటే బ్యాటరీ ఫర్వాలేదు.

రెండో కొలత: డ్రైవర్ కీ తిప్పి పట్టుకున్నప్పుడు బ్యాటరీ 12.1. ఇది ఆలోచించాల్సిన అంకె. సెల్ఫ్ మోటారు నిజంగా కరెంటు లాగితే వోల్టేజీ ఇంకా దిగాలి. మంచి బ్యాటరీ అయినా 10, 11 మధ్యకు రావడం మామూలే. 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీని అనుమానిస్తాం. ఇక్కడ 12.1 దగ్గరే ఆగిందంటే దారిలో ఎక్కడో అడ్డు ఉంది, కరెంటు పారట్లేదు.

మూడో కొలత: మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్ పోల్ మీద, మరో కొన సెల్ఫ్ మోటారు ప్లస్ బోల్టు మీద. కీ తిప్పితే 0.2 వోల్టు. అర వోల్టు లోపు ఉంటే సరే. ప్లస్ వైపు బాగుంది.

నాలుగో కొలత: ఒక కొన బ్యాటరీ మైనస్ పోల్ మీద, మరో కొన ఇంజిన్ బ్లాక్ మీద. కీ తిప్పితే 4.3 వోల్టులు! ఇక్కడ 0.2, 0.3కి మించకూడదు. దొంగ దొరికాడు. 12.1 వోల్టుల్లో 4.3 ఎర్తు దారే మింగేస్తోంది, 0.2 ప్లస్ కేబుల్‌లో పోతోంది. సెల్ఫ్‌కు మిగిలింది 7.6 మాత్రమే. ఆ బలంతో టక్ మనగలదు తప్ప ఇంజిన్‌ను తిప్పలేదు.

మరి కంప్యూటర్ కోడ్లు? ఈ బండిలో ఇంజిన్ కంప్యూటర్ ఎర్తు వైరు కూడా ఆ ఇంజిన్ బ్లాక్ మీదే బిగించి ఉందనుకోండి. కీ తిప్పిన ప్రతిసారీ దానికీ వోల్టేజీ పడిపోయింది. అందుకే పీ0562 వచ్చింది. చాలినంత కరెంటు లేక అది తడబడింది. మిగతా కంప్యూటర్లు పిలిస్తే పలకలేదు. అందుకే యూ0100 వచ్చింది. రెండు కోడ్లూ నిజమే చెప్పాయి. వాటిని చూసి కొత్త ఈసీఎం కొనిపించి ఉంటే బండి యజమాని చేతి చమురు వదిలేది, బండి మాత్రం లేచేది కాదు. ఎర్తు కేబుల్ విప్పి, తుప్పు గీకి, బిగిస్తే పని అయిపోయింది. కోడ్లు తుడిచేసి, మళ్లీ స్టార్ట్ చేసి, అవి తిరిగి రావట్లేదని చూసుకుని, ఇంజిన్ నడుస్తుండగా చార్జింగ్ 14 వోల్టుల దరిదాపుల్లో ఉందో లేదో చూస్తేనే పని పూర్తయినట్టు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి ‘కంటిన్యూటీ ఉంది, కేబుల్ బాగుంది’ అనేస్తారు. కేబుల్‌లో ఒక్క తీగ మిగిలినా బీప్ వస్తుంది. వంద ఆంపియర్లు పారే దారిలో 0.04 ఓమ్ నిరోధం ఉంటే చాలు, 4 వోల్టులు మాయమవుతాయి. అంత చిన్న నిరోధాన్ని మామూలు మీటరు పట్టుకోలేదు. అందుకే కరెంటు పారుతున్నప్పుడే వోల్టేజీ డ్రాప్ కొలవాలి. ఇంటర్లో చదివి మరిచిపోయిన ఓమ్ నియమం అంటే ఇదే.

లారీల్లో సాధారణంగా రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. అంకెలు మారతాయి, లెక్క మారదు.

కంప్యూటర్ని ఎప్పుడు అనుమానించాలి?

ఈసీఎంలు అసలు పాడవవని కాదు. నీళ్లు దూరినా, బ్యాటరీ తలకిందులుగా కలిపినా పోతాయి. అయితే అనుమానితుల జాబితాలో దాని పేరు చివర రాయాలి. తిండి పెట్టకుండా పని చేయట్లేదని తిడితే ఎలా? ముందు దానికి అందాల్సినవి అందుతున్నాయో లేదో చూడాలి.

శబ్దమే రాని బండిని తీసుకోండి. రిలే కింద 30, 85, 86, 87 అని నాలుగు కాళ్లుంటాయి. 30కి బ్యాటరీ కరెంటు రావాలి. 85, 86 రిలేలోని కాయిల్ కొనలు. ఒకదానికి కీ తిప్పినప్పుడు 12 వోల్టులు, రెండోదానికి కంప్యూటర్ నుంచి ఎర్తు రావాలి. అప్పుడు 87 నుంచి సోలినాయిడ్‌కు కరెంటు వెళ్లాలి. ఎర్తు రాకపోతే వెంటనే కంప్యూటర్‌ను తిట్టొద్దు. క్లచ్ నొక్కిన సంగతి స్కానర్ లైవ్ డేటాలో కనిపిస్తోందా? కీని ఇమ్మొబిలైజర్ గుర్తించిందా? ఇవి సరిగ్గా ఉన్నాయా అన్నది తేలాలి. ఆపైన కంప్యూటర్‌కు అందే అన్ని కరెంటు వైర్లూ, అన్ని ఎర్తులూ లోడు మీద బాగుండాలి. అక్కడి నుంచి రిలే దాకా వైరు తెగకుండా ఉండాలి. అన్నీ సరిగ్గా ఉన్నా అది ఆజ్ఞ ఇవ్వట్లేదంటే అప్పుడు చెప్పండి, ఈసీఎం పోయిందని.

ఒకేసారి నాలుగైదు సెన్సర్ల కోడ్లు వస్తే సెన్సర్లన్నీ ఒకేరోజు పోయాయని అనుకోవద్దు. చాలా సెన్సర్లకు కంప్యూటర్ 5 వోల్టుల సరఫరా ఇస్తుంది. ఒక్క సెన్సర్ షార్టయినా ఆ లైను మొత్తం పడిపోతుంది. ఒక్కో కప్లర్ తీస్తూ వెళ్తే ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగొచ్చాయో అదే దోషి.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైన్లు రెండుంటాయి. ఓబీడీ సాకెట్‌లో అవి 6, 14 పిన్నులకు వస్తాయి. లైనుకు రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి బ్యాటరీ తీసేసి ఆ రెండు పిన్నుల మధ్య కొలిస్తే సుమారు 60 ఓములు రావాలి. 120 వచ్చిందంటే ఒక చివర తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి. కొన్ని బండ్లలో ఈ సాకెట్‌కు, లోపలి లైనుకు మధ్య గేట్‌వే ఉంటుంది. అప్పుడు సర్క్యూట్ బొమ్మ చూసే కొలవాలి.

మంచి కంప్యూటర్‌ను చంపే అలవాట్లు

లారీ బాడీ పనిలో వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ కనెక్షన్ తీయకపోవడం, కంపెనీ మాన్యువల్ చెప్పిన కంప్యూటర్ కప్లర్లు విప్పకపోవడం. ఇంజిన్ మీద ప్రెషర్ వాటర్ కొట్టి కప్లర్లలోకి నీరు ఎక్కించడం. కంప్యూటర్ వైర్ల మీద పాత బల్బు టెస్ట్ ల్యాంపు పెట్టడం. అది ఎక్కువ కరెంటు లాగి లోపలి సర్క్యూట్‌ను కాల్చేయగలదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ‘డైనమో పనిచేస్తోందా’ అని చూడటం. కోడ్లు, అవి నమోదైన నాటి వివరాలు రాసుకోకుండానే తుడిచేయడం. వీటిలో ఒక్కటి కూడా మీరు చేయరని మొదటి వారంలోనే తెలిస్తే మేస్త్రీ మీకు పని అప్పగించడానికి వెనకాడరు.

సమాచారం ఎవరి చేతిలో?

చదువు, మీటరు ఉన్నా సర్క్యూట్ బొమ్మ లేకపోతే సగం చీకటే. దీని వెనక పెద్ద చర్చే ఉంది. విడిభాగాలను, డయాగ్నస్టిక్ పరికరాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదంటూ 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు రూ.2,545 కోట్ల జరిమానా విధించింది. ఆ వ్యవహారం తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే వాహనాలకు ‘రైట్ టు రిపేర్’ చట్టం తెచ్చింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఇదే అంశంపై కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్‌ను ప్రారంభించింది. కమిటీ దృష్టి పెట్టిన రంగాల్లో వాహనాలు కూడా ఉన్నాయి.

మీకు దీంతో పనేంటంటే... సమాచారం తెరుచుకునే కొద్దీ ఆటోనగర్ షెడ్డుకూ, కంపెనీ సర్వీస్ సెంటర్‌కూ మధ్య దూరం తగ్గుతుంది. అప్పుడు తేడా మనిషి తెలివిలోనే ఉంటుంది. ఆ సమాచారం ఇంగ్లిష్‌లో, బొమ్మల్లో, సంక్షిప్త అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చదవగలిగిన డిప్లొమా, బీటెక్ విద్యార్థికి ఇదొక బలం. మెకానికల్ వాళ్లకే కాదు, ఈఈఈ, ఈసీఈ వాళ్లకూ ఇక్కడ చోటుంది.

ఈవీలు వస్తే ఈ పని పోతుందా?

సెల్ఫ్ మోటారు పోతుంది, లోపాలు వెతికే పని పోదు. ఎలక్ట్రిక్ కార్లలో కూడా సాధారణంగా పెద్ద బ్యాటరీతోపాటు ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కంప్యూటర్లను మేల్కొలిపేదీ, పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టర్లను మూసేదీ అదే. అది నీరసపడితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. వోల్టేజీ డ్రాప్, ఎర్తు, క్యాన్ లైను... ఈరోజు నేర్చుకున్నవే అక్కడా పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త: నారింజ రంగు కేబుళ్లలో ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది. శిక్షణ, రక్షణ చేతొడుగులు లేకుండా వాటి జోలికి వెళ్లొద్దు.

ఎటు నుంచి వెళ్లాలి?

పదో తరగతి తర్వాత: ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల కోర్సు, మెకానిక్ డీజిల్ ఏడాది కోర్సు. కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐ విశాఖలో అందరికీ తెలిసినదే. చేరే ముందు ఏ ట్రేడులో ఎన్ని సీట్లు, వర్క్‌షాపులో బీఎస్-6 ఇంజిన్, స్కానర్ ఉన్నాయా అని నేరుగా వెళ్లి చూడండి.

ఐటీఐల పరిస్థితి మారే సూచనలూ ఉన్నాయి. వెయ్యి ప్రభుత్వ ఐటీఐల ఆధునికీకరణకు రూ.60,000 కోట్ల పథకాన్ని 2025 మే 7న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఇందులో పరిశ్రమల భాగస్వామ్యం ఉంటుంది. శిక్షకులకు శిక్షణనిచ్చే ఐదు జాతీయ సంస్థల బలోపేతం కూడా అందులో భాగమే. వాటిలో హైదరాబాద్ ఒకటి. డబ్బు మంజూరైనంత మాత్రాన మీ ఐటీఐలోకి స్కానర్ నడిచిరాదు. అడిగే విద్యార్థులు ఉన్నచోట త్వరగా వస్తుంది.

అప్రెంటిస్‌షిప్: 30 మంది, అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. 2019 నిబంధనల ప్రకారం చదువును బట్టి నెలకు కనీస స్టైపెండ్ రూ.5,000 నుంచి రూ.9,000. దీన్ని రూ.6,800 నుంచి రూ.12,300కి పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫార్సు చేసింది. ఐటీఐ పాసైనవారిని ఏపీఎస్‌ఆర్టీసీ కూడా డిపోల్లో అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. ఒకేరకం బస్సులు, రోజువారీ లోపాలు, రాసిపెట్టే రికార్డులు ఉండే డిపో నేర్చుకోవడానికి మంచి చోటు.

ఒక మాట నిజాయతీగా చెప్పాలి. మొదటి ఏడాది జీతం గొప్పగా ఉండదు. బట్టలకు ఆయిలు అంటుతుంది. బీటెక్ చదివి షెడ్డుకెళ్లడమేంటని ఇంట్లో అనొచ్చు. ‘ఏడు రోజుల్లో ఈసీఎం రిపేర్’ అంటూ సర్టిఫికెట్ అమ్మేవాళ్లు ఎదురవుతారు. అలాంటిచోట డబ్బు కట్టే ముందు ఒక్కటే అడగండి: లోపం ఉన్న నిజమైన బండిని నా చేతికి ఎన్నిసార్లు ఇస్తారు? జవాబు తడబడితే వెనక్కి వచ్చేయండి.

ఈ వారమే మొదలుపెట్టండి

ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు కొనండి. ఇంట్లో ఉన్న బైకుతో ప్రారంభించండి. రాత్రి ఆపిన తర్వాత బ్యాటరీ ఎంత, పొద్దున ఎంత, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంత, ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఎంత... నాలుగు అంకెలు రోజూ పుస్తకంలో రాయండి. తర్వాత ప్లస్ వైపు డ్రాప్, ఎర్తు వైపు డ్రాప్. బాగున్న బండి అంకెలు మీకు కంఠస్థమైతే బాగోని బండి దానంతటదే బయటపడుతుంది.

రెండో వారం ఒక రిలే కొని, బ్యాటరీ, బల్బుతో బల్ల మీద కలిపి చూడండి. మూడో వారం ఒక బండి సెల్ఫ్ సర్క్యూట్ బొమ్మ తీసుకుని కరెంటు దారిని రంగు పెన్సిళ్లతో గీయండి. నాలుగో వారం తెలిసిన షెడ్డుకు వెళ్లి, ‘అన్నా, చేయి పెట్టను. చూసి రాసుకుంటా’ అని అడగండి. వచ్చిన ప్రతి బండికీ నాలుగు వాక్యాలు: డ్రైవర్ ఏం చెప్పాడు, కోడ్ ఏం చెప్పింది, మీటరు ఏం చెప్పింది, చివరికి దొరికిన లోపం ఏంటి. యాభై బండ్లు నిండిన ఆ పుస్తకాన్ని ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. మార్కుల జాబితా పక్కన అది పెడితే ఎదుటివాళ్లు ముందు తిప్పి చూసేది దాన్నే.

ఆ రోజు మిమ్మల్ని ఇలాగే అడుగుతారు. బండి లేవట్లేదు, రెండు కోడ్లు ఉన్నాయి, ఏం మారుస్తావ్? తొందరపడకండి. ‘కీ తిప్పితే ఏం శబ్దం వస్తోంది సార్?’ అని ఎదురు ప్రశ్న వేయండి. ఇంటర్వ్యూ అక్కడి నుంచే మీవైపు తిరుగుతుంది.